సీపీఎం మాత్రతో నిద్ర ఆగడం లేదు, ఎర్రగడ్డల తుమ్ములూ ఆగడం లేదు

హంద్రీగట్టు (కర్నూలు) • ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఎర్రగడ్డల (ఉల్లిగడ్డల) మండీలో గుమాస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. సీజన్ మొదలైతే తెల్లారి ఆరుకల్లా కాటా దగ్గర నిలబడాలి. సంచులు దింపుతుంటే ఎండిన పొట్టు, దానికి పట్టిన నల్లబూజు దుమ్ములా లేచి ముక్కులోకి పోతుంది. ఇక వరసగా పది పదిహేను తుమ్ములు. మొన్న ఒక రైతు నా తుమ్ము విని శకునం బాగలేదని ఐదు నిమిషాలు తూకం ఆపేశాడు.

మా వీధి చివర మందుల షాపులో అడిగితే సీపీఎం అనే ఎలర్జీ మాత్ర ఇచ్చారు. రెండేళ్ళుగా పొద్దున్నే ఒకటి వేసుకుంటున్నాను. తుమ్ములు కొంచెం తగ్గుతాయి. ముక్కు దిబ్బడ అసలు తగ్గదు. నిద్ర మాత్రం దండిగా వస్తుంది. పోయిన వారం 54 సంచులకు 45 అని రాసి, సాయంత్రం దాకా లెక్క కుదరక మాటలు పడ్డాను. బళ్ళారి చౌరస్తాలో సిగ్నల్ పడితే బండి మీదే కునుకు పట్టింది. వెనక ఆటో అతను హారన్ కొట్టి లేపాడు.

విచిత్రం ఏమంటే, నాకు అప్పుడప్పుడు ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. అప్పుడు ఇదే మాత్ర వేసుకుంటే గంట గంటన్నరలో మాయం. దద్దుర్లకు అంత బాగా పనిచేసే మాత్ర ముక్కుకు ఎందుకు చేయదు? అసలు లోపలికి పోయి ఏం చేస్తుంది ఇది?

గుత్తికోట (గుత్తి) • రాత్రి 9:52

టైటిల్ చూసి పార్టీ గొడవ అనుకుని పరిగెత్తుకొచ్చాను. పనిలో పని, ఎర్రగడ్డల రేటు ఎంత నడుస్తోంది అన్నా?

మందులషాపు_ఆదోని • రాత్రి 10:15

సీపీఎం అంటే క్లోర్‌ఫెనిరమిన్ మాలియేట్. చాలా పాత మందు, చాలా చవక. అందుకే "ఎలర్జీ మాత్ర ఇవ్వన్నా" అంటే సగం షాపుల్లో చెయ్యి దాని మీదికే పోతుంది. నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా. నువ్వు డ్రైవింగ్ చేస్తావా, మిషన్ మీద పనిచేస్తావా అని అడిగే తీరిక కౌంటర్ దగ్గర ఉండదు. అది మా తప్పే.

ఈ మందు ఒంట్లోంచి తొందరగా పోదు. పెద్దవాళ్ళలో రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికే సుమారు 20 గంటలు పడుతుంది. మీరేమో నిన్నటిది పోకముందే ఈరోజుది వేస్తున్నారు. రాత్రి వేసుకుంటే పగలు నిద్ర రాదని కొందరు అనుకుంటారు. అది కూడా పూర్తిగా నిజం కాదు, మర్నాడు పొద్దున కూడా మత్తు మిగిలే ఉంటుంది.

సెట్రిజిన్, లెవోసెట్రిజిన్‌లకు మత్తు తక్కువ. ఫెక్సోఫెనడిన్‌కు ఇంకా తక్కువ. ముక్కు దిబ్బడ కూడా ఉందంటున్నారు కాబట్టి లెవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర చూడండి, షాపులో బాగా అమ్ముడవుతుంది.

జీవశాస్త్రం_మేడం (అనంతపురం) • రాత్రి 11:05

హంద్రీగట్టు గారూ, మంచి ప్రశ్న అడిగారు. మా ఇంటర్ పిల్లలు "ఇది పరీక్షలో వస్తుందా మేడం" తప్ప ఇంకేమీ అడగరు. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఎలర్జీలో తుమ్ములు, దద్దుర్లు తెప్పించే ముఖ్యమైన పదార్థం హిస్టమిన్. మీ మాత్ర అడ్డుకునేది దాన్నే, అందుకే ఇలాంటి మందులను యాంటీహిస్టమిన్లు అంటారు. హిస్టమిన్ బయటి నుంచి వచ్చిన విషం కాదు. పప్పులో, గుడ్డులో ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మన ఒళ్ళే దాన్ని తయారు చేసుకుంటుంది. చర్మం కింద, ముక్కు పొరల్లో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. బయటి ప్రపంచం మన ఒంటిని తాకే ప్రతి గడప దగ్గరా ఇవి కాపలా ఉన్నాయన్నమాట. వాటి లోపల హిస్టమిన్ చిన్న చిన్న సంచుల్లో నిండి ఉంటుంది. ఎలర్జీ ఉన్నవాళ్ళలో ఈ కణాల మీద ఐజీఈ అనే యాంటీబాడీలు అతుక్కుని కూర్చుంటాయి. వాటికి పడని పుప్పొడి గానీ బూజు గానీ తగిలిందంటే నిమిషాల్లో ఆ సంచులు పగులుతాయి.

ఇప్పుడే ఒక పని చేసి చూడండి. మోచేతి కింద పెన్ను వెనక భాగంతో గట్టిగా ఒక గీత గీయండి. ముందు ఎర్ర గీత వస్తుంది. కొందరిలో దాని చుట్టూ ఎరుపు పాకుతుంది. దద్దుర్ల ఒళ్ళయితే ఆ గీత పొంగి తాడులా నిలబడుతుంది. 1927లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ మూడింటినీ వరసగా వివరించాడు. చర్మంలోకి హిస్టమిన్ ఎక్కించినా సరిగ్గా ఇవే మూడూ వస్తాయి. సన్నని రక్తనాళాలు వెడల్పై ఎరుపు వస్తుంది, వాటి గోడలు సందులిచ్చి నీరు ఊరడంతో వాపు వస్తుంది, నరాల చివరలు రేగి దురదా చుట్టూ ఎరుపూ వస్తాయి.

ఇక మాత్ర సంగతి. పండగప్పుడు కర్నూలు బస్టాండులో కిటికీలోంచి సీటు మీద టవల్ వేస్తాం కదా, మాత్ర చేసేది అదే. హిస్టమిన్‌ను అది చంపదు, బస్సు ఎక్కకుండా ఆపదు. కణాల మీద హిస్టమిన్ వచ్చి కూర్చునే హెచ్1 అనే సీటు (రిసెప్టర్) మీద ముందే టవల్ వేసి పెడుతుంది. హిస్టమిన్ ఎక్కుతుంది, కూర్చోవడానికి చోటు దొరక్క దిగిపోతుంది. అందుకే తుమ్ములు మొదలయ్యాక వేసుకున్న మాత్ర కంటే, దుమ్ములోకి పోకముందు వేసుకున్నది బాగా పనిచేస్తుంది. మనిషి కూర్చున్నాక టవల్ వేస్తే ఎవరు లేస్తారు?

దద్దుర్లలో నడిపించేది చాలావరకు హిస్టమినే, కాబట్టి టవల్ సరిపోతుంది. ముక్కులో అలా కాదు. మొదటి తుమ్ము, దురద, నీళ్ళు కారడం హిస్టమిన్ పని. దిబ్బడకు వచ్చేసరికి లూకోట్రయిన్ల లాంటి వేరే పదార్థాలు, గంటల తర్వాత వచ్చి చేరే తెల్లకణాలు కూడా చేతులు కలుపుతాయి. వాళ్ళ సీట్లు వేరు. ఇంకో సంగతి, దుమ్ము ఘాటుగా ఉంటే అది ఎలర్జీయే కానక్కరలేదు. మిరపకాయలు వేయిస్తుంటే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు, అందరికీ ఎలర్జీ ఉందా? అక్కడ ఘాటు నేరుగా నరాన్నే తడుతుంది. హిస్టమిన్ లేని చోట యాంటీహిస్టమిన్ ఏం చేస్తుంది?

ఎన్‌హెచ్44 (తాడిపత్రి) • సోమవారం ఉదయం 5:30

మేడం, టవల్ మాట అదిరింది. మరి సీటు ముక్కులో ఉంటే నిద్ర ఎందుకు వస్తుంది? నేను తాడిపత్రి బండలు బెంగళూరుకు తోలుతాను. జలుబని దాబాలో ఎవరో ఇచ్చిన మాత్ర ఒకటి వేసుకుని బయలుదేరాను. పెనుకొండ దాటింది గుర్తు లేదు. నిద్రపోయానని చెప్పను, స్టీరింగ్ పట్టుకునే ఉన్నాను, కళ్ళు తెరిచే ఉన్నాయి. టోల్ గేట్ వచ్చాక "ఇక్కడి దాకా ఎట్లా వచ్చాను" అనిపించి ఒళ్ళు జలదరించింది.

జీవశాస్త్రం_మేడం (అనంతపురం) • ఉదయం 7:10

అన్నా, మీ అదృష్టం బాగుంది. అవే సీట్లు మెదడులోనూ ఉన్నాయి. హైపోథాలమస్ అనే భాగంలో ఒక చిన్న కణాల గుంపు హిస్టమిన్‌ను మెదడంతా పంపిస్తుంది. మనం మేలుకుని ఉండటానికి అదీ ఒక కారణం. ఒంట్లో దురద పెట్టేది, తలలో మెలకువగా ఉంచేది ఒకటే పదార్థం! సీపీఎం, అవిల్ లాంటి పాత మందులు రక్తం నుంచి మెదడుకు సులువుగా దాటి అక్కడి సీట్లమీద కూడా టవల్ వేస్తాయి. కొత్తవి అంతగా దాటవు. కొన్ని దాటినా మెదడు రక్తనాళాల గోడల్లోని ఒక పంపు వాటిని వెనక్కి తోసేస్తుంది.

తిరుమల ఘాట్‌లో వాంతులు కాకుండా వేసుకునే అవోమిన్‌లో ఉండే ప్రోమెథజిన్ కూడా ఈ పాత జాతిదే. అక్కడ మెదడులోకి పోవడమే మనకు కావాలి. కాకపోతే గోవిందా గోవిందా అనేలోపు పిల్లలు నిద్రపోతారు.

కడప_పీజీ • ఉదయం 8:45

ఈఎన్‌టీ పీజీ చేస్తున్నాను. మేడం చెప్పిన దానికి చిన్న సవరణ, సరదాకే. హెచ్1 సీటు ఖాళీగా ఉన్నా కొంచెం కొంచెం ఊగుతూనే ఉంటుంది. మాత్ర ఆ ఊపును కూడా ఆపుతుంది. అందుకే ఇవి ఉత్త అడ్డుగోడలు కావు, ఇన్వర్స్ ఎగోనిస్టులు అంటారు. కానీ టవల్ కంటే మంచి పోలిక నా దగ్గర లేదు.

తాడిపత్రి అన్నకు ఒక మాట. మత్తు తెలియకపోయినా స్పందన నెమ్మదిస్తుంది. "నాకు నిద్ర రాలేదు, కాబట్టి పర్వాలేదు" అనే లెక్క ఈ మందుల్లో చెల్లదు. దానికి తాగుడు తోడైతే చెప్పనే అక్కర్లేదు.

ఆదోని అన్నా, కోపగించుకోకండి. మాంటెలుకాస్ట్ కౌంటర్ మీద ఇచ్చేది కాదు. కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు తెస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు వచ్చిన కేసులూ ఉన్నాయి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద తన దగ్గరున్న అతి గట్టి హెచ్చరికే పెట్టించింది. ఉబ్బసం ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఒట్టి తుమ్ములకు అదే మొదటి మందుగా వద్దు.

హంద్రీగట్టు గారి ముక్కును చూడకుండా చికిత్స చెప్పను. కానీ ఏళ్ళ తరబడి దిబ్బడ ఉన్నవాళ్ళకు మాత్ర కంటే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే బాగా పనిచేస్తుంది. స్టెరాయిడ్ అనగానే భయపడకండి. ముక్కు దాకే పనిచేసే కొద్దిపాటి మోతాదు. ఒక్కరోజులో ఫలితం రాదు, రోజూ కొడితే వారం పది రోజులకు తెలుస్తుంది. కొట్టేటప్పుడు మూతిని ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపుకు తిప్పి పెట్టాలి. సగం మంది అక్కడే తప్పు చేసి, రక్తం వస్తోందని మానేస్తారు.

మందులషాపు_ఆదోని • ఉదయం 9:20

కోపం ఏం లేదు డాక్టరమ్మా / డాక్టర్ సార్ (ఎవరో తెలియదు కాబట్టి రెండూ). ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కేసీకాలువ (నంద్యాల) • ఉదయం 10:02

పాత మందుల గురించి నా అనుభవం. మా నాయనకు 72. దగ్గు, జలుబు అని సిరప్ తాగాడు. ఆ రాత్రి మూత్రం బిగుసుకుపోయింది. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకుపోతే ట్యూబ్ వేశారు. ప్రోస్టేట్ కొంచెం పెద్దదైందని మాకు ముందే తెలుసు, కానీ దగ్గు సిరప్‌కూ దానికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? సీసా మీద చూస్తే ఈ క్లోర్‌ఫెనిరమినే.

కడప_పీజీ • ఉదయం 10:30

పాత మందులు హెచ్1 సీటు దగ్గర ఆగవు, పక్క బస్సులోకి కూడా పోతాయి. ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో పదార్థాన్నీ అడ్డుకుంటాయి. నోరెండడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం ఆగడం అన్నీ అక్కడి నుంచే. ముసలివాళ్ళు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే, ముందు వాళ్ళ మందుల డబ్బా చూడాలి. గ్లకోమా అనే కంటి జబ్బులో ఒక రకం ఉన్నవాళ్ళకూ ఇవి పడవు.

చిన్నపిల్లల సంగతి కూడా చెప్పేస్తాను. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబర్‌లో మన దేశ ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. ఇంట్లో పాత సీసా ఉంటే తీసి చూడండి.

ప్రొద్దుటూరక్క • మధ్యాహ్నం 2:15

వంట అయ్యాక చదివాను అంతా. నావి రెండు సందేహాలు. మా చెల్లెలు పిల్లవాడు అన్నం తినడని "ఆకలి సిరప్" పోస్తుంది. వాడు తింటాడు, కానీ బడిలో నిద్రపోతున్నాడని టీచర్ పిలిపించింది. అది కూడా ఈ జాతేనా? రెండోది, మేడం హెచ్1 అన్నారు, అంటే హెచ్2 కూడా ఉండాలి కదా?

జీవశాస్త్రం_మేడం (అనంతపురం) • మధ్యాహ్నం 3:00

అక్కా, మీరు మా క్లాసులో ఉండాల్సింది.

ఆకలి సిరప్‌లో చాలావాటిలో సైప్రోహెప్టడిన్ ఉంటుంది. అది పాతతరం యాంటీహిస్టమినే, సెరటోనిన్‌ను కూడా అడ్డుకుంటుంది. ఆకలి పెరగడం దాని పక్క ప్రభావం. సీసా మీద పేరు చూసి డాక్టర్‌ను అడగమనండి. పిల్లవాడు బడిలో నిద్రపోయి ఇంట్లో లావైతే ఏం లాభం?

హెచ్2 సీటు ముఖ్యంగా కడుపులో ఉంది. అక్కడ హిస్టమిన్ వచ్చి కూర్చుంటే ఆమ్లం ఊరుతుంది. సీపీఎం ఎన్ని మింగినా ఆ ఆమ్లం తగ్గదు, ఎందుకంటే ఆ టవల్ ఈ సీటుకు పట్టదు. ఇది తెలిసీ కొన్నేళ్ళపాటు సరైన టవల్ ఎవరికీ దొరకలేదు. చివరికి జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త, ఆయన బృందం హిస్టమిన్ అణువునే పట్టుకుని కొంచెం కొంచెం మారుస్తూ పోయారు. 1972లో బ్యూరిమమైడ్‌ను ప్రకటించారు, నోటితో వేసుకుంటే అది సరిగా ఎక్కలేదు. 1976లో సిమెటిడిన్ బజారులోకి వచ్చింది. అంతకుముందు అల్సర్ అంటే చాలామందికి కడుపు కోయడమే. బ్లాక్‌కు 1988లో నోబెల్ ఇచ్చారు. బీపీకి, గుండెదడకు వాడే ప్రొప్రనొలాల్ కూడా ఆయన చేసిందే.

మన ఇళ్ళలో గ్యాస్ మాత్ర అని పిలిచే రానిటిడిన్ దీని తమ్ముడే.

మందులషాపు_ఆదోని • మధ్యాహ్నం 3:25

రానిటిడిన్ గురించి ఒక మాట. దాంట్లో ఎన్‌డీఎంఏ అనే కలుషితం, క్యాన్సర్ తేగలదని అనుమానం ఉన్నది, నిల్వ ఉంచిన కొద్దీ పెరుగుతోందని 2020 ఏప్రిల్‌లో అమెరికాలో మొత్తం వెనక్కి తీయించారు. మన జాతీయ అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో తీసేశారు. అయినా పెద్దవాళ్ళు వచ్చి "అదే కావాలి, నలభై ఏండ్ల నుంచి వేసుకుంటున్నా" అంటారు. అదే జాతిలో ఫామోటిడిన్ ఉంది. ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా పాంటోప్రజోల్ రాస్తున్నారు. అది హిస్టమిన్ దారి కాదు, ఆమ్లం పంపునే ఆపుతుంది.

గుత్తికోట (గుత్తి) • సాయంత్రం 6:40

ఇంత సైన్సు ఎందుకు సామీ. పిత్తం లేచిందంటే మా అవ్వ గొంగడి కప్పి, గరుగ్గా రుద్ది, పొయ్యి బూడిద పూసేది. గంటలో దద్దుర్లు పోయేవి. ఏ మాత్రా లేదు, ఏ టవలూ లేదు.

జీవశాస్త్రం_మేడం (అనంతపురం) • సాయంత్రం 7:05

మీ అవ్వను నేనేమీ అనను, మా అవ్వ కూడా అదే చేసేది. కానీ ఒక్కో దద్దురు మామూలుగా కొన్ని గంటల్లో, ఎక్కువలో ఎక్కువ రోజులోపు తనంతట తానే పోతుంది. గొంగడి కప్పినా, చాప కప్పినా, మీరు ఊరికే మంచమ్మీద పడుకుని సీలింగ్ చూసినా పోతుంది. పేరు మాత్రం గొంగడికి వచ్చింది. పైగా కొందరికి వేడికి, చెమటకే దద్దుర్లు లేస్తాయి. మన మే నెలలో వాళ్ళకు గొంగడి కప్పితే ఏమవుతుందో ఆలోచించండి.

గుత్తికోట (గుత్తి) • సాయంత్రం 7:11

సరే మేడం, గొంగడి మడత పెట్టేశాను. రేటు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

కడప_పీజీ • రాత్రి 8:20

దద్దుర్లు ఆరు వారాలు దాటి వస్తూనే ఉంటే దాన్ని దీర్ఘకాలికం అంటాం. చాలామంది "ఏం తిన్నావు, ఏం తిన్నావు" అని వంకాయ, గుడ్డు, చేపలు అన్నీ మాన్పిస్తారు. ఆ రకంలో తిండి కారణం కావడం అరుదు. కొత్తతరం మందును రోజూ వాడటం, చాలకపోతే చర్మవైద్యుడు మామూలు మోతాదుకు నాలుగు రెట్ల దాకా పెంచడం, అదీ చాలకపోతే ఒమలిజుమాబ్ ఇంజెక్షన్, ఇది వరస. నాలుగు రెట్లు అన్నానని మీరే నాలుగు మింగకండి. ఒళ్ళు నొప్పుల మాత్రలు, ముఖ్యంగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ కొందరిలో దద్దుర్లను రేపుతాయి. అది మాత్రం గమనించుకోవాలి.

శెనక్కాయచేను (కళ్యాణదుర్గం) • రాత్రి 9:30

చాలాసేపు రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తున్నాను.

మా చిన్నాయనను చేను గట్టు మీద తేనెటీగలు కుట్టాయి. ఏడో ఎనిమిదో అంతే. ఇంతకుముందు కూడా కుట్టాయి ఆయనకు, ఏమీ కాలేదు. ఈసారి పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవి వాచింది, గొంతు బిగిసినట్టుందన్నాడు. ఊళ్ళో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే అవిల్ సూది, స్టెరాయిడ్ సూది వేసి "కూర్చోబెట్టండి, తగ్గుతుంది" అన్నాడు. దద్దుర్లు కొంచెం తగ్గినట్టే కనిపించాయి. మేమూ ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు మనిషి చల్లబడ్డాడు. "కండ్లు కనపడలేదురా" అన్నాడు. ఆటోలో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయేలోపు నాడి దొరకలేదు. అక్కడ డ్యూటీ డాక్టర్ చూడగానే తొడకు ఒక సూది వేసింది. మళ్ళీ కొద్దిసేపటికి ఇంకొకటి. సెలైన్ పెట్టారు. మనిషి లేచాడు. ఇప్పుడు బాగున్నాడు, నిన్న కలుపు తీయించాడు కూడా.

ఆ తొడ సూది ఏంటని అడిగితే అడ్రినలిన్ అని చెప్పింది. అవిల్ వేశారు కదా మేడం అంటే, "అది దురదకు" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట ఇప్పటిదాకా నాకు సరిగా అర్థం కాలేదు.

కడప_పీజీ • రాత్రి 10:05

అన్నా, రాసినందుకు చాలా థ్యాంక్స్. ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పోస్ట్ ఇదే.

దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఒక్క చోట కాదు, ఒళ్ళంతా మాస్ట్ కణాలు ఒకేసారి పగులుతాయి. రక్తనాళాలన్నీ సడలి, వాటిలోని నీరు బయటికి ఊరి బీపీ పడిపోతుంది. గొంతు వాస్తుంది, ఊపిరి గొట్టాలు బిగుస్తాయి. పగిలిన సంచుల్లో హిస్టమిన్ ఒక్కటే లేదు, ఇంకా చాలా ఉన్నాయి. అవిల్ హెచ్1 సీటు ఒక్కటే పట్టుకుంటుంది. పడిపోయిన బీపీని లేపలేదు, వాచిన గొంతును తెరవలేదు. దద్దుర్లు తగ్గాయి కాబట్టి మనిషి బాగుపడ్డాడని మోసపోతాం. మీరు మోసపోయింది అక్కడే. డాక్టర్లమే మోసపోతాం, మీ తప్పేం లేదు.

అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది, ఊపిరి గొట్టాలను తెరుస్తుంది, గుండెకు బలమిస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా పగలకుండా కూడా చూస్తుంది. పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండలోకి. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్ళీ. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు చేయగలిగింది 108కి ఫోన్ చేసి, మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టడం. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టొచ్చు. లేపి నడిపించకూడదు. తగ్గాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలో ఉంచాలి, కొందరిలో తిరగబెడుతుంది.

చిన్నాయనను ఒకసారి ఎలర్జీ చూసే డాక్టర్‌కు చూపించండి. ఇంకోసారి కుడితే ఇంతకంటే తొందరగా ముదరొచ్చు.

శెనక్కాయచేను (కళ్యాణదుర్గం) • రాత్రి 10:20

ఇప్పుడు అర్థమైంది. మరి తేలు కుట్టినా మా దగ్గర అదే అవిల్ వేస్తారు. అదీ దండగేనా?

కడప_పీజీ • రాత్రి 10:41

దాదాపు అంతే. తేలు విషం నరాలను రేపి, ఒంట్లోని అడ్రినలిన్ లాంటి వాటినే వరదలా వదిలిస్తుంది. చెమటలు, ఒళ్ళు చల్లబడటం, బీపీ పెరిగి తర్వాత పడిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం అందుకే. దానికి ప్రజోసిన్ అనే చవక బీపీ మాత్ర ప్రాణం పోస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. ఎలర్జీ మందుకు అక్కడ పెద్దగా పని లేదు.

కేసీకాలువ (నంద్యాల) • మంగళవారం ఉదయం 7:15

దూలగొండి అంటుకుంటే? చిన్నప్పుడు మా వాడొకడు బడి బెంచీ మీద చల్లాడు. సారు కూర్చున్నాడు. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయలేను.

జీవశాస్త్రం_మేడం (అనంతపురం) • ఉదయం 7:50

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను! దూలగొండి నూగులో మ్యుకునైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది హిస్టమిన్‌ను పక్కన పెట్టి, వేరే దారిలో నేరుగా దురద నరాలను తడుతుంది. దానికి సీపీఎం వేసినా పెద్దగా లాభం లేదు. దురద పరిశోధనల్లో ఈ నూగునే వాడతారు, హిస్టమిన్ లేని దురద ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి. నూగును గోకకుండా టేపు అంటించి పీకేయడం మేలు.

వయ్యారిభామ గడ్డి కూడా సగం ఇలాంటిదే. దాని పుప్పొడితో తుమ్ములు వస్తే అది హిస్టమిన్ లెక్క. చేలో పీకేవాళ్ళకు మెడ, మోచేతులు నల్లబడి, మందమై, పగిలి వచ్చేది వేరే. అది తెల్లకణాలు నెమ్మదిగా, రోజుల తరబడి చేసే పని. దానికి ఎలర్జీ మాత్ర వేసుకుంటూ గడ్డి పీకుతుంటే తగ్గదు.

ఎన్‌హెచ్44 (తాడిపత్రి) • ఉదయం 8:30

మా తమ్ముడు బండల పాలిష్ మిషన్ మీద చేస్తాడు. దగ్గు, ఆయాసం. ఏడాదిగా సెట్రిజిన్ మింగుతున్నాడు.

కడప_పీజీ • ఉదయం 8:44

అది ఎలర్జీ అని ఎవరు చెప్పారు? రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏ యాంటీహిస్టమినూ ఏమీ చేయలేదు. ఈ వారమే ఛాతీ ఎక్స్‌రే, టీబీకి కఫం పరీక్ష చేయించండి. పోస్ట్‌పోన్ చేయొద్దు అన్నా.

ప్రొద్దుటూరక్క • ఉదయం 11:30

మా ఆయన కిడ్నీ పేషెంట్. దురదకు సెట్రిజిన్ రోజూ వేసుకోవచ్చా? ఫెక్సోఫెనడిన్ అయితే చీనీ (బత్తాయి) రసంతో వేసుకుంటున్నాడు, చేదు తెలియదని.

మందులషాపు_ఆదోని • మధ్యాహ్నం 12:10

అక్కా, ఇది నాకు తెలిసిన లెక్క, చెప్తాను. సెట్రిజిన్ ఎక్కువగా మూత్రం గుండానే బయటికి పోతుంది. కిడ్నీ పనిచేయకపోతే ఒంట్లో నిలిచి మత్తు పెరుగుతుంది. మోతాదు తగ్గించాలి, ఎంత అనేది కిడ్నీ డాక్టర్ చెప్పాలి. ఫెక్సోఫెనడిన్‌కు కూడా మోతాదు తగ్గించాలి. పైగా కిడ్నీ జబ్బులో వచ్చే దురద చాలావరకు హిస్టమిన్ దురద కాదు. వేసుకున్నా తగ్గలేదంటే ఆశ్చర్యం లేదు.

చీనీ రసం మాత్రం వెంటనే మాన్పించండి. నారింజ జాతి రసాలు, ఆపిల్ రసం ఫెక్సోఫెనడిన్‌ను పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కనివ్వవు. మాత్ర వేసుకుని కూడా వేసుకోనట్టే. నీళ్ళతో మింగాలి. అనంతపురం చీనీ మీద నాకే పగా లేదు, వేరే పూట తాగమనండి. కాకపోతే కిడ్నీకి పొటాషియం లెక్క ఉంటుంది, అదీ డాక్టర్‌ను అడగండి.

జీవశాస్త్రం_మేడం (అనంతపురం) • మధ్యాహ్నం 12:40

ఫెక్సోఫెనడిన్ పుట్టుక కూడా తమాషానే. ముందు టెర్ఫెనడిన్ అని ఒక మందు ఉండేది, మత్తు లేని మందని బాగా అమ్ముడుపోయింది. కొన్ని యాంటీబయాటిక్స్‌తో, ఫంగస్ మందులతో కలిస్తే కాలేయం దాన్ని మార్చలేక, మందు రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పించేది. మనుషులు చనిపోయారు. కాలేయం దాన్ని మార్చి ఇచ్చే పదార్థమే ఫెక్సోఫెనడిన్ అని తేలింది. గుండెకు ఆ దెబ్బ లేదు, పనంతా చేసేది అదే. పాతదాన్ని తీసేసి దాన్నే మాత్రగా చేశారు. సెట్రిజిన్ కూడా అలాంటిదే, హైడ్రాక్సిజిన్ ఒంట్లో మారితే వచ్చే పదార్థం.

అందరికంటే ముందు 1937లో పారిస్‌లో డానియెల్ బోవే, అన్‌మరీ స్టౌబ్ కలిసి మొదటి యాంటీహిస్టమిన్‌ను కనిపెట్టారు. విషం ఎక్కువై మనుషులకు పనికి రాలేదు. బోవేకు 1957లో నోబెల్ వచ్చింది. స్టౌబ్‌కు రాలేదు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా క్లాసులో ఆడపిల్లలు నా మొహం చూస్తారు.

హంద్రీగట్టు (కర్నూలు) • ఇరవై రోజుల తర్వాత, శుక్రవారం రాత్రి 9:15

మళ్ళీ నేనే. పని ఎక్కువై రాలేకపోయాను, క్షమించండి.

ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకున్నాను. ఎలర్జీ చర్మ పరీక్ష చేయాలి, వారం ముందు నుంచి మాత్ర ఆపమన్నారు. మాత్ర ఒంట్లో ఉంటే పరీక్షలో పొంగేవి కూడా పొంగవట. ఆ వారం మండీలో నరకం. పరీక్షలో నల్లబూజుకు చెయ్యి బాగా పొంగింది, ఇంటి దుమ్ముకు కొంచెం. ఎర్రగడ్డ మీద నేరం లేదు, దాని పొట్టు మీద ఉన్న బూజుదే. మేడం చెప్పిన పెన్ను గీత కూడా గీసి చూపించాను, తాడులా లేచింది. డాక్టర్ గారు నవ్వి "ఎక్కడ నేర్చుకున్నావు" అన్నారు.

ఇప్పుడు రోజూ స్ప్రే, చెవి వైపు తిప్పి కొడుతున్నాను. కాటా దగ్గర ఎన్95 మాస్కు. మొదటి రెండు రోజులు హమాలీలు "కరోనా పోలేదా అన్నా" అని ఎగతాళి చేశారు, ఇప్పుడు ఇద్దరు వాళ్ళే కొనుక్కున్నారు. ఫెక్సోఫెనడిన్ నీళ్ళతో, దింపుడు ఎక్కువున్న రోజు పొద్దున్నే, అంటే టవల్ ముందే వేస్తున్నాను. దిబ్బడ సగానికి పైగా తగ్గింది. తుమ్ములు పూర్తిగా పోలేదు, రోజుకు మూడు నాలుగు వస్తాయి. లెక్కలో తప్పు మాత్రం ఈ ఇరవై రోజుల్లో ఒక్కటీ రాలేదు.

ఎన్‌హెచ్44 (తాడిపత్రి) • రాత్రి 9:40

మా వాడికి ఎక్స్‌రే తీయించాం. కర్నూలుకు రాసిచ్చారు. సోమవారం పోతున్నాం.

కడప_పీజీ • రాత్రి 9:48

అన్నా, పాత ఎక్స్‌రేలు ఏమున్నా అన్నీ తీసుకుపోండి. వాడు ఏ పని, ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నాడో అక్కడ తప్పకుండా చెప్పండి, వాళ్ళు అడగకపోయినా.

హంద్రీగట్టు (కర్నూలు) • రాత్రి 10:02

తాడిపత్రి అన్నా, సోమవారం కర్నూలు వస్తే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు, బస్టాండు దగ్గరికి నేనే వస్తాను. గుత్తి అన్నా, రేటు అడిగావు కదా. ఈ వారం రైతు మొహం చూసి రేటు చెప్పడానికి నాకే నోరు రావడం లేదు.